చెవి పెట్టి వింటే బండి చెబుతుంది

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో, రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు ఫోన్ చేసి, "నీకు అరగంట ఇస్తాం, జ్ఞాపకాలు వద్దు, జ్ఞాపకాలు చెప్పేవాళ్లు నిన్నటికే పదకొండు మంది ఉన్నారు, నలుగురికీ పనికొచ్చేది ఏదన్నా చెప్పు" అన్నారు. నాకు తెలిసిన పని ఒక్కటే. ముప్ఫై ఏళ్లుగా గేర్‌బాక్సులతో బతుకుతున్నాను. మొదట పుణేలో, ఇప్పుడు చెన్నై దగ్గర. నాలుగు వైపులా గోడలకు స్పాంజి అంటించిన నిశ్శబ్ద గదిలో గేర్‌బాక్సు తిప్పి, అది చేసే శబ్దం వినడం నా ఉద్యోగం. అందుకే కారు గేర్‌బాక్సు చెడిపోయే ముందు ఏం చెబుతుంది, దాన్ని మనం ఎలా పోల్చుకోవాలి అన్నది ఈరోజు నా విషయం. ఇది ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చివర్లో చెబుతాను.

పొద్దున బడి గేటు బయట లెక్కపెట్టాను. అరవైకి పైగా కార్లున్నాయి. నేను పదో తరగతి చదివే రోజుల్లో మడకశిర బజారులో కారు ఆగితే పిల్లలం చుట్టూ మూగేవాళ్లం. మారుతి 800 మొదటి బండి 1983 డిసెంబర్‌లో ఢిల్లీ దగ్గర గుర్గావ్‌లో బయటికొచ్చింది. అది మన దాకా రావడానికి కొన్నేళ్లు పట్టింది. అప్పుడు మనకు తెలిసిన బండ్లు ఆర్టీసీ బస్సు, వేరుశెనక్కాయలు తోలే లారీ, ట్రాక్టరు. ఈరోజు మనకు దగ్గర్లోనే, పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది. 2017లో ఒప్పందం జరిగింది, 2019 ఆగస్టులో మొదటి సెల్టాస్ బయటికొచ్చింది, 2023 జూలైకల్లా పది లక్షల కార్లు తయారయ్యాయి. ఒకప్పుడు కారు చూడ్డానికి మూగిన ఊళ్ల పిల్లలు ఇప్పుడు ఆ లైన్ల మీద కార్లు బిగిస్తున్నారు. కార్లు కొన్నాం, నడుపుతున్నాం, కొందరం వాటి మీదే బతుకుతున్నాం. వాటి మాట వినడం మాత్రం ఇంకా నేర్చుకోవాల్సే ఉంది.

గేర్‌బాక్సు ఎందుకుంది? దీనికి జవాబు నేను ఇంజనీరింగ్ కాలేజీలో నేర్చుకోలేదు. మా లెక్కల సారు సైకిలు తలకిందులుగా నిలబెట్టి నేర్పారు. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక దానికి 18 ఉన్నాయనుకోండి. పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. వేగం వచ్చింది, కానీ ఎక్కుడులో తొక్కలేం. వెనక పళ్లు పెంచితే ఎక్కుడు తేలికవుతుంది, వేగం పోతుంది. రెండూ ఒకేసారి దొరకవు. ఆయన ఇది నిష్పత్తుల పాఠంలో చెప్పారు. నా జీవితం మొత్తం ఆ ఒక్క పాఠం మీద నడిచింది.

కారులోనూ అంతే. అరవై కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న కారు చక్రం నిమిషానికి సుమారు 570 చుట్లు తిరుగుతుంది. ఇంజను మాత్రం ఊరికే నిలబడ్డప్పుడే ఎనిమిది వందల చుట్లు తిరుగుతుంది, బలం కావాలంటే మూడు నాలుగు వేలు తిరగాలి. ఈ రెండింటికీ మధ్యవర్తి గేర్‌బాక్సు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య, కావాలంటే కలిపి వద్దంటే విడదీసేది క్లచ్. గేర్‌బాక్సు లోపల ఉక్కు పళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి. వాటి మధ్య ఉన్నది ఆయిల్ పొర. అది వెంట్రుక కన్నా పలచన. ఆ పొర ఉన్నన్నాళ్లూ పళ్లు అరగవు. అది తెగిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది.

చిన్న కారు గేర్‌బాక్సులో పట్టే ఆయిల్ రెండు లీటర్లు, కొంచెం అటూ ఇటూ. ఈ రెండు లీటర్ల కథే ఈరోజు నేను చెప్పేది.

ఇక లక్షణాలకు వద్దాం. మన ప్రాంతం వాళ్లకు ఇవి నేర్పడం తేలిక. బోరు ఎండిపోయే ముందు ఏం చేస్తుందో ఇక్కడ అందరికీ తెలుసు. ఒక్కసారిగా ఎండదు. ముందు నీళ్లలో గాలి కలిసి వస్తుంది. కాసేపు పోసి కాసేపు ఆగుతుంది. మోటారు శబ్దం మారుతుంది. మా నాయన రాత్రి మంచం మీద పడుకునే, తోటలో మోటారు నీళ్లు లాగుతోందా ఉత్తినే తిరుగుతోందా చెప్పేవాడు. గబగబా లేచి పోయి స్టార్టరు ఆపేవాడు. ఆపకుంటే మోటారు కాలిపోతుంది, కాలితే చుట్టించడానికి అప్పు చేయాలి. ఆ చెవి ఆయనకు ఎవరూ నేర్పలేదు, అప్పు భయం నేర్పింది. కారుకు కూడా అదే చెవి కావాలి.

మొదటిది, క్లచ్ జారడం. ఎక్కుడులో ఎక్సిలేటర్ తొక్కుతారు. ఇంజను అరుస్తుంది, ముల్లు పైకి లేస్తుంది, బండి మాత్రం అదే వేగం మీద ఉంటుంది. అంటే ఇంజను బలం చక్రానికి చేరడం లేదు, మధ్యలో క్లచ్ ప్లేటు మీద వేడిగా మారిపోతోంది. కాలిన వాసన వస్తుంది. గుడ్డ కాలినట్టు కాదు, బ్రేకులు కాలినట్టు ఘాటుగా ఉంటుంది. ఇది ముందు పెద్ద గేర్లలో, నిండా జనం ఎక్కినప్పుడు బయటపడుతుంది. క్లచ్ పెడల్ పూర్తిగా వదిలే దాకా బండి కదలకపోవడం కూడా దీనికి తోడబుట్టిందే. వాసన వచ్చిందంటే అక్కడే పక్కకు ఆపి అరగంట చల్లారనివ్వండి. ఆ వాసనతోనే ఊరు చేరాలని పట్టు పట్టకండి. ప్లేటుతో పోయేది ప్రెషర్ ప్లేటు, ఫ్లైవీలు దాకా పోతుంది.

క్లచ్ ఎందుకు అరుగుతుంది? వయసు ఒక కారణం. మన కాలు ఇంకో కారణం. క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు మనలో సగం మందికి ఉంది. మీరు నొక్కడం లేదనుకుంటారు, కానీ ఆ పెడల్‌కు మీ చెప్పు బరువు చాలు. ఎక్కుడులో బండిని బ్రేకుతో కాకుండా క్లచ్ సగం వదిలి నిలబెట్టడం ఇంకో జబ్బు. బెంగళూరు ట్రాఫిక్‌లో రోజూ అరగంట ఈ పని చేస్తే ఏ ప్లేటయినా అలిసిపోతుంది.

రెండోది దీనికి వ్యతిరేకం, క్లచ్ విడవకపోవడం. పెడల్ అడుగుకు తొక్కినా గేరు పడదు, రివర్సు వేస్తే కరకరమంటుంది. పెడల్ మెత్తబడి, రెండుమూడుసార్లు కొడితే తప్ప పట్టదు. ఇది చాలాసార్లు గేర్‌బాక్సు జబ్బే కాదు. క్లచ్‌కు పోయే ద్రవం కారిపోయి ఉంటుంది, లేదా గాలి పట్టి ఉంటుంది. అనేక కార్లలో ఈ ద్రవం బ్రేకు డబ్బాలో నుంచే వస్తుంది. కాబట్టి ఆ డబ్బా మట్టం తగ్గితే దాన్ని చిన్నదిగా తీసుకోకండి. ఒక చిన్న సిలిండరు మార్చితే పోయే దానికి గేర్‌బాక్సు దింపించుకున్నవాళ్లను చూశాను.

మూడోది, గేరు మార్చేటప్పుడు గరగర. క్లచ్ బాగానే ఉంది, కానీ ఒక్క గేరులోనే, ఎక్కువగా రెండో గేరులో, పళ్లు కొరికినట్టు శబ్దం వస్తుంది. పాతకాలం లారీ డ్రైవర్లు గేరు మార్చేటప్పుడు క్లచ్ రెండుసార్లు తొక్కేవాళ్లు, మధ్యలో న్యూట్రల్‌లో ఒక్కసారి రేజ్ చేసేవాళ్లు. లోపల తిరిగే రెండు భాగాల వేగం కలపడానికి చేసే పని అది. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో ఒక ఏర్పాటు వచ్చింది, సింక్రోమెష్ అంటారు. ఇత్తడి లాంటి మెత్తటి లోహంతో చేసిన ఒక రింగు, ఆ రెండు వేగాలను రాచి కలుపుతుంది. పాత అంబాసిడర్లలో మొదటి గేరుకు అది ఉండేది కాదు. బండి పూర్తిగా ఆగితే తప్ప మొదటి గేరు పడేది కాదని పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇప్పటి కార్లలో ముందుకు పోయే గేర్లన్నిటికీ ఆ రింగులున్నాయి. అవి అరిగితే గరగర మొదలవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ రింగులు ఇత్తడివి కాబట్టి, ఏ ఆయిల్ పడితే ఆ ఆయిల్ పోయకూడదు. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని రాసి ఉంటుంది. ఐదు నాలుగు కన్నా పెద్దది కదా, మంచిదై ఉంటుంది అనుకుంటాం. లారీల వెనక హౌసింగుకు జీఎల్-5 సరైనదే. కానీ దాంట్లో ఎక్కువగా ఉండే గంధకపు మందు మెత్తటి ఇత్తడిని తినేయగలదు. మీ కారు పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే అదే పోయించండి. షెడ్డులో "అన్నీ ఒకటే సార్" అంటే ఒప్పుకోకండి.

నాలుగోది, గేరు దానంతటదే బయటికి దూకడం. పోతూ పోతూ కాలు తీస్తే, లేదా దిగుడులో, గేరు న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది. కొందరు చేత్తో లివరు పట్టుకుని నడుపుతారు. నవ్వకండి, ఇక్కడున్నవాళ్లలో ఇద్దరు నిన్న రాత్రి భోజనాల దగ్గర నాతో చెప్పారు. ఇంజనుకు కింద ఉండే రబ్బరు దిమ్మలు చచ్చిపోయినా ఇలా అవుతుంది, లోపల ఫోర్కు, పళ్లు అరిగినా అవుతుంది. మొదటిది తక్కువ ఖర్చు. కాబట్టి ముందు అది చూపించండి. కానీ చూపించండి. దిగుడులో గేరు పోయిన బండికి ఇంజను పట్టు ఉండదు, మొత్తం భారం బ్రేకుల మీద పడుతుంది. ఇది డబ్బు సమస్య కాదు, ప్రాణం సమస్య.

ఐదోది శబ్దం. ఇది నా సొంత సబ్జెక్టు, కాబట్టి రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటాను. ఇంటి ముందు, నేల చదునుగా ఉన్నచోట, చేతి బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఇంజను నడవనివ్వండి. ఏసీ, పాటలు ఆపేయండి. సన్నగా గురగుర వినబడుతోందా? ఇప్పుడు క్లచ్ అడుగుకు తొక్కండి. శబ్దం ఆగిపోతే, జబ్బు గేర్‌బాక్సు లోపల, ఇంజను వైపు ఉన్న బేరింగులో ఉండే అవకాశం ఎక్కువ. ఎందుకంటే క్లచ్ తొక్కితే గేర్‌బాక్సు తిరగడం ఆగుతుంది. దీనికి తిరుగుడుగా, క్లచ్ తొక్కినప్పుడే శబ్దం మొదలై, వదిలితే పోతే, అది రిలీజ్ బేరింగు. క్లచ్‌కు సంబంధించింది, గేర్‌బాక్సు విప్పే పని లేదు. ఒక్క కాలు కదలికతో రెండు జబ్బులు వేరు చేయవచ్చు. దీనికి ఏ మిషనూ అక్కర్లేదు.

అన్ని గేర్లలోనూ వేగంతో పాటు పెరిగే ఊళ అయితే చివరి బేరింగులు లేదా డిఫరెన్షియల్ అనుమానించాలి. టైర్లు, చక్రాల బేరింగులు కూడా అలాగే ఊళ వేస్తాయి కాబట్టి ముందు అవి చూడాలి. మలుపు తిరిగేటప్పుడు టకటకమంటే అది చక్రానికి పోయే షాఫ్టు జాయింటు, దాని రబ్బరు బూటు చినిగి దుమ్ము పోయి ఉంటుంది. మన దారుల్లో దుమ్ముకు కొదవలేదు. ఒకే ఒక్క గేరులో ఈల వస్తే ఆ గేరు పళ్లు. అందులోనూ ఐదో గేరు ప్రత్యేకం. చాలా చిన్న కార్లలో ఐదో గేరును గేర్‌బాక్సు చివర, వేరుగా పెడతారు. ఆయిల్ తగ్గితే మొదట ఎండిపోయేది అదే. బోర్ల లెక్కలో చెప్పాలంటే కాలువ చివరి మడి అది. ఐదో గేరులో కొత్తగా ఈల మొదలైందంటే, ఇంకేదీ ఆలోచించకముందు ఆయిల్ మట్టం చూడాలి. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఆరోది, నేల మీద మరక. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరచండి. పొద్దున చూడండి. ఏసీ నీళ్లయితే ఆరిపోతాయి. ఇంజను ఆయిల్ నల్లగా ఉంటుంది. గేరు ఆయిల్ చిక్కగా, తేనెరంగులోనో గోధుమరంగులోనో, ముక్కు ముడిచే గంధకం వాసనతో ఉంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్ చాలా కార్లలో ఎర్రగా, రోజాపూల షర్బత్ రంగులో ఉంటుంది. మరక బండి మధ్యలో ఉందా, చక్రం వైపు ఉందా గమనించి మెకానిక్‌కు చెప్పండి. మన దగ్గర సీళ్లు కారడానికి ఒక అదనపు కారణం ఉంది. గేర్‌బాక్సు నెత్తిన గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. దుమ్ము, మట్టి పేరుకుని అది మూసుకుపోతే, లోపల వేడెక్కిన గాలి పోవడానికి దారిలేక ఆయిల్‌ను సీళ్లలోంచి తోసేస్తుంది. కొత్త సీలు వేసినా మళ్లీ కారుతోందంటే ఆ రంధ్రం తుడవమనండి. వాన పడ్డ ఏడు వంక నీళ్లలో దాటిన బండయితే ఒకసారి ఆయిల్ తీసి చూడండి. పాలు పోసిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టే. వెంటనే మార్చాలి.

ఇప్పుడు క్లచ్ పెడల్ లేని కార్లు నడిపేవాళ్ల కోసం. జనరల్ మోటార్స్ వాళ్లు 1939లో పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సు తెచ్చారు, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అది వచ్చింది. మన దేశంలో సామాన్యుడి దాకా రావడానికి 2014 పట్టింది. ఆ ఏడు మారుతి సెలెరియోలో ఏఎంటీ వచ్చింది. ఏఎంటీ అంటే అదే పాత గేర్‌బాక్సు, అదే క్లచ్. మీ కాలికీ చేతికీ బదులు ఒక కంప్యూటరు, ఒక మోటారు ఆ పని చేస్తాయి. కాబట్టి క్లచ్ జారే లక్షణాలన్నీ దీనికీ వర్తిస్తాయి. కాలు లేదు కదా అని ఎక్కుడులో ఎక్సిలేటర్ మీద బండిని నిలబెట్టేవాళ్లు లోపల ఒక ప్లేటు కాలుతోందని మరిచిపోతున్నారు. డీసీటీ అనే రెండు క్లచ్‌ల గేర్‌బాక్సుకూ అదే మాట. ఆగాల్సి వస్తే బ్రేకు తొక్కి ఆగండి.

అసలైన ఆటోమేటిక్‌లో క్లచ్ స్థానంలో ఆయిల్‌తో పనిచేసే టార్క్ కన్వర్టరు ఉంటుంది. దాని లక్షణాలు వేరు. లివరు డీలోకో ఆర్‌లోకో వేశాక బండి రెండు సెకన్లు ఆలోచించి, తర్వాత ధడేలుమని పట్టుకుంటే అది మొదటి హెచ్చరిక. గేరు మారేటప్పుడు మధ్యలో ఇంజను ఒక్కసారి లేచి పడితే రెండోది. నలభై, డెబ్భై కిలోమీటర్ల మధ్య, సమంగా పోతున్నప్పుడు, గరుకు గీతల మీద పోతున్నట్టు బండి వణికితే మూడోది. చాలామంది దాన్ని టైర్ల తప్పు అనుకుంటారు. ఈ దశలో ఆయిల్ మార్చడంతో బాగయిన బండ్లు ఉన్నాయి. నాలుగోది, బండి ఒకే గేరులో ఉండిపోయి ఎంత తొక్కినా వేగం పెరగకపోవడం. అది తనను తాను కాపాడుకోవడానికి చేసే పని. ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలు కావచ్చు. మామూలైంది కదా అని మరిచిపోకండి. కంప్యూటరులో కోడు నిలిచి ఉంటుంది, చదివించండి. సీవీటీ అనే బెల్టు రకానికి దాని ఆయిలే వాడాలి, ఇంకేదీ పోయకూడదు.

ఆటోమేటిక్ బండి దారిలో ఆగితే ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొని రావడం మనకు అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. ఆ గేర్‌బాక్సులో ఆయిల్ పంపును తిప్పేది ఇంజను. ఇంజను ఆగి ఉండగా చక్రాలు దొర్లితే లోపల భాగాలు ఆయిల్ లేకుండా తిరుగుతాయి. బాగు చేయదగ్గ బండి ఊరు చేరేసరికి పనికిరాకుండా పోతుంది. పైకెక్కించుకుని తెచ్చే బండిని పిలవండి.

"మా గేర్‌బాక్సులో ఆయిల్ జీవితకాలం మార్చక్కర్లేదు అన్నారే" అని అడుగుతారు. పుస్తకం వెనక పేజీలు చూడండి. కఠిన పరిస్థితులు అని వేరే పట్టిక ఉంటుంది. దుమ్ము, విపరీతమైన ఎండ, కొండదారులు, నిండు బరువు, ఆగుతూ పోయే ట్రాఫిక్ అని రాసి ఉంటుంది. చదివితే అది మన మడకశిర నుంచి బెంగళూరు దారి గురించే రాసినట్టు ఉంటుంది. ఆయిల్ వేడి పది డిగ్రీలు పెరిగిన కొద్దీ దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది మా వృత్తిలో అందరూ వాడే ఉజ్జాయింపు లెక్క. కాబట్టి మీకు వర్తించేది రెండో పట్టిక.

పాత కారు కొనేవాళ్లకు ఒక మాట. మనలో చాలామంది బెంగళూరులో వాడిన బండి కొంటారు. మీటరులో తక్కువ కిలోమీటర్లు ఉన్నా, ఆ కిలోమీటర్లు ట్రాఫిక్‌లో క్లచ్ మీద నడిచినవి కావచ్చు. చదును నేల మీద, ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు, చేతి బ్రేకు గట్టిగా వేసి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ అయిపోయింది. ఒక్కసారే చేయండి, పదేపదే చేస్తే మంచి క్లచ్ కూడా పాడవుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడండి. మీరు పోయేసరికే ఎవరన్నా వేడి చేసి పెట్టి ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పండి. వెనకటికి అరిగిన గేర్‌బాక్సులో రంపపు పొట్టు కలిపి శబ్దం మాయం చేసి అమ్మేవాళ్లని కథలున్నాయి. ఇప్పుడు చిక్కటి ఆయిల్ పోసి అదే పని చేస్తారు. కాబట్టి కొనేముందు కొంచెం ఆయిల్ తీయించి, తెల్ల కాగితం మీద వేసి చూడండి. సన్నటి బూడిదలాంటి పొడి మామూలే. మెరిసే పెచ్చులు, గోరుకు తగిలే ముక్కలు ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక మొదట్లో చెప్పకుండా దాచిన సంగతి.

మా బ్యాచ్ మిత్రుడు ఒకడు మూడో వరుసలో కూర్చున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, కథ చెప్పుకోమన్నాడు. ఆరేళ్ల కిందట అప్పు తీసుకుని కారు కొని, ఇక్కడి నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టుకు బాడుగలు తోలేవాడు. ఒకరోజు మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు. "ఏమప్పా, ఐదో గేరులో సన్నగా ఈల వస్తా ఉంది. నాలుగులో లేదు. నువ్వు ఇదే పని కదా చేసేది, ఏమైయుంటుంది?" అన్నాడు. నేను మీటింగులో ఉన్నాను. ఆ మీటింగు కూడా గేర్‌బాక్సు శబ్దం గురించే. "రాత్రికి చేస్తాను రా" అన్నాను. చేయలేదు. మరుసటి రోజు గుర్తొచ్చింది, ఆదివారం తీరిగ్గా మాట్లాడదాం అనుకున్నాను. ఆదివారం కూడా పోయింది.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున, దొడ్డబళ్లాపురం దాటాక, ఎయిర్‌పోర్టుకు పోతున్న కుటుంబం బండిలో ఉండగా అతని గేర్‌బాక్సు పట్టేసింది. దేవుడి దయ, వెనక లారీ లేదు. వాళ్ల విమానం పోయింది. బాడుగ రాకపోగా వాళ్లు ఇచ్చిన అడ్వాన్సు తిరిగిచ్చాడు. షాఫ్టు దగ్గర సీలు ఎండి పగిలి, ఆయిల్ బొట్టుబొట్టుగా కారిపోయి ఉంది. ఐదో గేరు పళ్లు నీలం తిరిగి ఉన్నాయి. సీలూ రెండు లీటర్ల ఆయిలూ కలిపి వెయ్యిన్నరలో పోయే పని, నలభై ఆరు వేలయింది. బండి ఇరవై రోజులు షెడ్డులో ఉంది. రెండు కంతులు కట్టలేకపోయాడు. కూతురి కాలేజీ ఫీజుకు ఇంట్లో గొలుసు తాకట్టు పెట్టారు.

ఇవేవీ అతను నాకు చెప్పలేదు. ఏడాది తర్వాత మా బ్యాచ్‌లో ఇంకొకరి ఇంట్లో పెళ్లికి వచ్చినప్పుడు వేరేవాళ్లు చెప్పారు. నేను అతని దగ్గరికి పోయి అడిగితే, "నువ్వు బిజీగా ఉంటావు కదప్పా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. జీతం తీసుకుని, నిశ్శబ్ద గదిలో కూర్చుని, ఈలలు వినే మనిషిని నేను. ఆ ఈలను నాకు ఫోన్‌లో వర్ణించి చెప్పాడు, అక్షరం తప్పు లేకుండా. "ఐదులో ఉంది, నాలుగులో లేదు." మా దగ్గర కొత్తగా చేరిన ఇంజనీర్లు కూడా అంత స్పష్టంగా చెప్పరు. నేను చెప్పాల్సింది ఒకే ఒక్క వాక్యం. "బండి ఆపు, ఆయిల్ చూపించు." దానికి అర నిమిషం చాలు.

అతని చెవి పనిచేసింది, బండి కూడా సమయానికే చెప్పింది. విననిది నేను. ఆరోజు ఇవ్వాల్సిన జవాబు ఈరోజు మీ అందరి ముందు ఇచ్చాను, కొంచెం పొడుగ్గా.

అందుకే ఇక్కడున్న ఇంజనీర్లకు, డాక్టర్లకు, లాయర్లకు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్లకు ఒక మాట. ఈ బడిలో మనతో పాటు బెంచీ మీద కూర్చున్నవాళ్లు మనకు ఫోన్ చేసేది ఊరికే కాదు. "ఇది చిన్న సంగతే, ఏమనుకోకప్పా" అని మొదలుపెడతారు. బోరు గాలి కొట్టడం కూడా చిన్న సంగతే. ఈ యాభై ఏళ్ల సంఘం తరఫున నిన్న ఎన్నో తీర్మానాలు చేశారు. నాది చిన్న కోరిక. మన సంఘం పుస్తకంలో పేరు, బ్యాచ్ పక్కన ఎవరు ఏ పని తెలిసినవాళ్లో కూడా రాయండి. నా పేరు పక్కన "గేర్‌బాక్సు" అని రాయండి. ఫోన్ చేస్తే ఆరోజే జవాబు చెబుతాను.

ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక బడి వెనక వేపచెట్టు కింద ఉంటాను. బండిలో ఏ శబ్దం వచ్చినా తీసుకురండి. నా మిత్రుడు కూడా నాతోనే ఉంటాడు. ఇద్దరి చెవుల్లో అతనిదే మెరుగని నాకు అనుభవం మీద తెలిసింది.

మా లెక్కల సారు ఈ సభలో లేరు. సైకిలు తలకిందులు చేసి ఆయన నేర్పిన పాఠానికి, ఇక్కడున్న గురువులందరి ద్వారా ఆయనకు నమస్కరిస్తూ సెలవు తీసుకుంటున్నాను.